జినా దిగలేని అవ్వకు.. సాయం ఏ మెట్టు మీద ఉంది?

కుర్చీ లిఫ్టు ధర లక్షల్లో.. పథకాల్లో దొరికేది వేలల్లో
కాగితాలు ఎక్కడ మొదలు పెట్టాలో తెలియక తిరుగుతున్న అశోక్ చౌక్ కుటుంబాలు

షోలాపూర్, అశోక్ చౌక్:

పొద్దున ఏడు కాకముందే కింద సాంచెలు మొదలవుతాయి. టకటక.. టకటక. ఆ అదురుకు పైగది కిటికీ రెక్క కూడా సన్నగా కొట్టుకుంటుంది. ఆ కిటికీ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో అవ్వ కూర్చుని ఉంటుంది. వయసు 72. నలభై ఏళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టిన చేతులు. మఠం వేసుకు కూర్చున్న కాళ్లు ఇప్పుడు వంగవు. సాంచెల చప్పుడే ఆమెకు గడియారం. చప్పుడు ఆగితే కొడుకు అన్నానికి పైకి వస్తున్నాడని లెక్క. ఆమె మాత్రం కిందికి పోలేదు.

"ఉగాది నాడు దిగిన బిడ్డా. మళ్ల ఒకసారి దవాఖానకు కుర్చీల కూసోబెట్టి ఎత్కపోయిన్రు. గంతే. రాఖీ పున్నమికి మార్కండేయుని రథం కూడా చప్పుడు ఇన్న గాని చూడలె" అందామె, దసరా దాటాక మేం మొదటిసారి వెళ్లినప్పుడు. ఇంటి సంగతి పేపర్లో వస్తే నలుగురూ ఏమనుకుంటారోనని పేరు వద్దంది. కాబట్టి ఇక్కడ ఆమె అవ్వే.

పైకీ కిందికీ ఉన్న దారి ఒక్కటే. బయటి గోడకు ఆనించిన ఇనుప జినా. మన ఊళ్లలో మెట్లన్నదాన్ని షోలాపూర్‌లో తరాలుగా జినా అనే అంటున్నాం. కొడుకు దగ్గర టేపు తీసుకుని కొలిచి చూశాం. మెట్లు 14. వెడల్పు 24 అంగుళాలు. ఒక్కో మెట్టు ఎత్తు తొమ్మిదిన్నర అంగుళాలు. పట్టుకోవడానికి ఒక పక్కే పైపు, అదీ మధ్యలో తుప్పు తినిపోయింది. అందరికీ అనువైన కట్టడాలు ఎలా ఉండాలో చెబుతూ కేంద్రం 2021లో తెచ్చిన మార్గదర్శకాల్లో మెట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరు అంగుళాలు దాటొద్దని ఉంది. గల్లీలోని పాత ఇళ్లను ఆ కొలతతో ఎవరూ అడగరు గానీ, మోకాలికి ఆ మూడున్నర అంగుళాల తేడా బాగా తెలుస్తుంది.

కింద కార్ఖానా.. పైన కాపురం

ఈ ఇళ్లు ఇలా ఎందుకున్నాయో మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1877లో షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు వచ్చింది. ఆ తర్వాత నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు మగ్గం పనికని వచ్చి ఊరి తూర్పు భాగంలో స్థిరపడ్డాయి. చేతిమగ్గం పోయి సాంచె వచ్చింది. సాంచె బరువైనది, అదురు ఎక్కువ, అది నేలమీదే ఉండాలి. మనుషులు పైకి జరిగారు. చద్దరు, టవలు కింద నేస్తే అన్నం పైన వండుకున్నారు. జాగా చిన్నది కాబట్టి జినా ఎంత ఇరుకైతే అంత లాభం అనుకున్నారు. కట్టిన రోజు వాళ్లకు ముప్పై ఏళ్లు. బిందె చంకన పెట్టుకుని ఎక్కారు. డెబ్భై ఏళ్లు వస్తాయని ఎవరు మాత్రం కొలత తీసి కడతారు!

అవ్వ మనవడు ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. మెట్ల అంచున పట్టా, ఆ పట్టా మీద జారుకుంటూ పోయే కుర్చీ. కూర్చుని బటన్ నొక్కితే పైకి, మళ్లీ నొక్కితే కిందికి. "నాయనమ్మా, నీకు గిది తెస్త" అన్నాడు. అక్కడి నుంచి మొదలైంది ఈ ఇంటి తిరుగుడు.

కుర్చీ ఎలా పని చేస్తుందంటే..

అల్యూమినియం పట్టాను గోడకు కాదు, మెట్లకే బిగిస్తారు. కుర్చీ కింద చిన్న మోటారు ఉంటుంది. ఇంటి కరెంటు దాని బ్యాటరీని నింపుతుంది, కుర్చీ మాత్రం బ్యాటరీ మీద నడుస్తుంది. అందుకే కరెంటు పోయినా కొన్నిసార్లు ఎక్కి దిగొచ్చు. బరువు సుమారు 120 కిలోల దాకా మోస్తుంది. దారిలో ఏదన్నా తగిలితే దానంతటదే ఆగుతుంది. మెట్లు సూటిగా ఉంటే పట్టా తేలిక. మలుపు ఉంటే ఆ మెట్ల కొలతకే పట్టాను ప్రత్యేకంగా వంచాలి, ధర రెట్టింపు దాటిపోతుంది. అలా వంచిన పట్టా ఇంకో ఇంటికి పనికిరాదు. సూటి పట్టా అయితే కోసి వేరే ఇంట్లో పెట్టుకోవచ్చు కాబట్టి పుణె, హైదరాబాద్ లాంటి చోట వాడినవి చూసుకునేవాళ్లున్నారు. అప్పుడు కూడా బ్యాటరీ ఎప్పటిది, బిగించేది ఎవరు, రేపు చెడిపోతే షోలాపూర్ దాకా వచ్చేది ఎవరు అని అడగకుండా డబ్బు ఇవ్వొద్దు.

అవ్వ కొడుకుకు ఫోన్‌లో చెప్పిన ధర సూటి మెట్లకే దాదాపు మూడు లక్షలు. జినా బయట వానకు తడిసేది కాబట్టి దానికి తగ్గ రకం కావాలి, ఇంకా పైన. జినా వెడల్పు అడిగారట. 24 అంగుళాలని చెప్పగానే అవతలి మనిషి కాసేపు మాట్లాడలేదు. మామూలుగా 28, 30 అంగుళాలన్నా ఉండాలి. అంటే ముందు జినా మార్చాలి, తర్వాత కుర్చీ.

"గంత పైకం ఉంటే గీ సాంచెలెందుకు నడుపుత సార్?" అన్నాడు కొడుకు. నాలుగు సాంచెల్లో రెండు బందై ఉన్నాయి.

సర్కారు ఏమిస్తుంది?

సూటిగా చెప్పాలంటే మెట్ల కుర్చీ అనే పేరుతో సాయమిచ్చే పథకం మహారాష్ట్రలో గానీ కేంద్రంలో గానీ మాకు కనబడలేదు. దొరికేవి వేరు. వాటినే కలుపుకోవాలి.

వయోశ్రీ పేరు చాలామంది విన్నారు. కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజనను 2017 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది మన తెలుగు నేల మీదే, నెల్లూరులో. అరవై దాటిన పేదలకు చేతికర్ర, వాకర్, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్లద్దాలు, పళ్ల సెట్టు లాంటివి శిబిరాలు పెట్టి ఉచితంగా ఇస్తారు. మహారాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి వయోశ్రీ యోజన తెచ్చింది. దీనిలో వస్తువు కాదు, రూ.3,000 నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తారు. వయసు 65 దాటి, ఇంటి ఏడాది ఆదాయం రెండు లక్షల లోపు ఉండాలి. మోకాలి పట్టీ, కమోడ్ కుర్చీ, వాకర్ లాంటివి కొనుక్కోవచ్చు. అవ్వ పెట్టుకుంది, డబ్బు పడింది. మూడు లక్షల కుర్చీకి మూడు వేలు ఏ మూలకని కోడలు నవ్వింది గానీ, ఆ మూడు వేలే చివరికి ఎలా పనికొచ్చాయో ముందు చెబుతాం.

నెలనెలా వచ్చేవి చూస్తే, బీడీ కార్ఖానాలో పీఎఫ్ కట్టినందుకు పింఛను ఒకటి. 2014 సెప్టెంబరు నుంచి దాని కనీస మొత్తం రూ.1,000. శ్రావణబాళ, సంజయ్ గాంధీ నిరాధార్ పథకాల మొత్తాన్ని 2023లో రూ.1,500 చేశారు. మందులకు, పాలకు సరిపోతే గొప్ప.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. సిరిసిల్లలోనో కరీంనగర్‌లోనో ఉన్న బంధువు ఫోన్ చేసి, "మా దగ్గర దివ్యాంగులకు 4,016 ఇస్తున్నరు, నేత పనోళ్లకు వేరే పింఛను ఉన్నది, నువ్వెందుకు పెట్టుకోలేదు వదినె?" అంటారు. అవి తెలంగాణ పథకాలు. అక్కడ నివాసం ఉన్నవాళ్లకే. ఆ ఆశతో అక్కడ ఒక రేషన్ కార్డు, ఇక్కడ ఒక రేషన్ కార్డు పెట్టుకుంటే రెండు చోట్లా చిక్కే. తాతలు ఎక్కడి నుంచి వచ్చినా మన నివాస దాఖలా, ఉత్పన్న దాఖలా మహారాష్ట్రవే. సరిహద్దుకు అటూ ఇటూ రెండు చోట్లా చెల్లేది ఒక్కటుంది. అదే దివ్యాంగుల యూడీఐడీ కార్డు. దేశమంతా ఒకటే.

అసలు తాళంచెవి ఈ కార్డే

మేం నలుగురైదుగురిని అడిగి, కాగితాలు చూసి తేల్చుకున్నది ఇదే. ముసలితనం అన్న మాటకు దొరికేది కర్ర, కుర్చీ. అంతకన్నా పెద్ద సాయం అడగాలంటే దివ్యాంగురాలు అని కాగితం ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కదలికకు సంబంధించింది వాటిలో ఒకటి. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా పథకాల తలుపు తెరుచుకుంటుంది. కార్డుల రంగు కూడా దాన్నిబట్టే. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 నుంచి నీలం.

మోకాళ్లు నొస్తున్నాయంటే చాలదు. కీలు ఎంత మేర వంగుతోంది, కండరానికి బలం ఎంత ఉంది, నిలబడి తట్టుకోగలరా అని డాక్టర్లు కొలుస్తారు. అవ్వకు పసుపు కార్డు వచ్చింది. అదే గల్లీలో సైజింగ్‌లో పని చేసి కాళ్లు పోగొట్టుకున్నంత పనైన ఒక మామకు 30 శాతమే రాశారు. ఆయన కూడా జినా దిగలేడు. కానీ కాగితం దిగగలడంటోంది.

ఇంకో విడ్డూరం. నేను మెట్లు దిగలేను అని రాయించుకోవాలంటే మెట్లు దిగే పోవాలి! అవ్వను సివిల్‌కు, అంటే ఛత్రపతి శివాజీ మహారాజ్ సర్వోపచార్ రుగ్ణాలయానికి, తీసుకుపోవడానికి కొడుకు, పక్కింటి పిల్లగాడు ప్లాస్టిక్ కుర్చీకి చద్దరు కట్టి మోశారు. మధ్య మెట్టులో కుర్చీ ఒరిగింది. "పానం పోయిందనుకున్న" అంటుంది అవ్వ. అందుకే దరఖాస్తు ముందే ఆన్‌లైన్‌లో పెట్టి, పాత ఎక్స్‌రేలు, చీటీలు, ఆధార్, ఫొటో అన్నీ సర్దుకుని ఒక్క దిగుడులో పని అయ్యేలా చూసుకోవాలి. వార్డులో శిబిరం ఎప్పుడు పెడతారో కార్పొరేటర్ దగ్గర, సంఘం దగ్గర కనుక్కుని ఉంటే ఇంకా నయం.

ఐదు శాతం నిధి.. అడిగేవాళ్లేరి?

కార్డు వచ్చాక మొదట అడగాల్సింది మహానగరపాలికను. మహారాష్ట్రలో స్థానిక సంస్థలు తమ సొంత ఆదాయంలో ఐదు శాతం దివ్యాంగుల సంక్షేమానికి ఖర్చు పెట్టాలి. ముందు మూడు శాతం ఉండేది, 2018లో ఐదు చేశారు. ఈ నిధి నుంచి పరికరాలు, ఆర్థిక సాయం ఇవ్వొచ్చు. ఏమేం ఇస్తారన్నది ఏ ఏటికా ఏడు తీర్మానాన్ని బట్టి ఉంటుంది. అవ్వ కొడుకు ఒక కార్యాలయానికి పోయి నోటితో అడిగాడు. "అలాంటిది లిస్టులో లేదు" అన్నారు. వెనక్కి వచ్చాడు. మా మాటేమిటంటే, లేదన్న మాట నోటితో వినొద్దు. ఇంట్లో మెట్ల దగ్గర సౌకర్యానికి ఇంత ఖర్చు, ఇదిగో కొటేషన్, ఇదిగో కార్డు అని మరాఠీలో అర్జీ రాసిచ్చి, ఆవక్ నంబరు వేయించుకోవాలి. లిస్టులో లేనిది అడిగిన అర్జీలు పది చేరితేనే వచ్చే ఏడు లిస్టు మారుతుంది. రాష్ట్రంలో 2022 డిసెంబరులో దివ్యాంగుల కోసం ప్రత్యేక శాఖే పెట్టారు. అర్జీ నకలు ఒకటి జిల్లాలోని దివ్యాంగ కల్యాణ కార్యాలయానికి కూడా ఇవ్వాలి.

ఎంపీ గారిని అడిగితే? ఎంపీ నిధులతో దివ్యాంగులకు మూడు చక్రాల బండి, చక్రాల కుర్చీ ఇవ్వడానికి వీలుంది. సొంత ఇంటి గోడకో మెట్టుకో బిగించే వస్తువుకు కుదరదు.

మిగిలింది అప్పు. కేంద్రంలో దివ్యాంగుల ఆర్థిక సంస్థ ఉంది, 1997లో పెట్టినది. రాష్ట్ర దివ్యాంగ మహామండలం ద్వారా తక్కువ వడ్డీకి రుణాలిస్తుంది. ఎక్కువ భాగం బతుకుతెరువు కోసమే అయినా అడిగి చూడొచ్చు. లెక్క వేసి చూద్దాం. మూడు లక్షలు ఆరు శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు రూ.5,800. అదే పతసంస్థలో 14 శాతానికైతే దాదాపు రూ.7,000. భిశీ ఎత్తుకుంటే ఎంత నష్టానికి ఎత్తుకున్నామో దాన్నిబట్టి ఇంకా ఎక్కువ. రెండు సాంచెల ఇంటికి నెలకు ఏడు వేలంటే పిల్లగాని చదువు ఆగుతుంది. అవ్వే ముందు వద్దంది. "నా కాళ్లకు వాని కాళ్లు ఇరగ్గొడుతరా?"

అక్కడ ఎట్లా?

ఇంగ్లండ్‌లో ఉన్న మన పిల్లలు, అక్కడ కౌన్సిలే పెట్టిస్తుందని చెబుతుంటారు. నిజమే. 1996 నాటి చట్టం ప్రకారం దివ్యాంగుల ఇంటి మార్పులకు గ్రాంటు ఉంది. ఇంగ్లండ్‌లో గరిష్ఠంగా 30,000 పౌండ్లు, ఆదాయం చూసి ఇస్తారు. మెట్ల కుర్చీ దానిలో వస్తుంది. జపాన్‌లో వృద్ధుల సంరక్షణ బీమా కింద ఇంటి మార్పులకు రెండు లక్షల యెన్‌ల దాకా లెక్కలోకి తీసుకుంటారు. చేతిపట్టీలు, గడపల ఎత్తు తీసేయడం ఉన్నాయి గానీ మెట్ల కుర్చీ లేదు. అమెరికాలోనూ ప్రభుత్వ మెడికేర్ దీనికి డబ్బు ఇవ్వదు. డబ్బున్న దేశాల్లోనూ అందరూ ఇవ్వడం లేదని చెప్పడానికే ఇది. అయితే వాళ్లు ఇల్లు కూడా చికిత్సలో భాగమని ఒప్పుకున్నారు. మన దగ్గర కర్ర చేతికిచ్చి మెట్లు మీ ఇష్టం అంటున్నారు.

గిర్రతో ఆటలొద్దు

ఒక హెచ్చరిక ఇక్కడ తప్పనిసరి. కార్ఖానాల్లో బీములు, నూలు బాచకాలు పైకి లాగే గొలుసు గిర్రలు మనకు కొత్త కాదు. దానికే ఒక కుర్చీ కట్టి మోటారు పెడితే ఇరవై వేలలో అయిపోతుందని వెల్డింగ్ దుకాణం అతను సలహా ఇచ్చాడు. మనవడు సై అన్నాడు. వద్దు. సరుకు గిర్రకు గొలుసు తెగితే పట్టుకునే ఏర్పాటు ఉండదు, తలుపు తెరిచి ఉంటే ఆగే ఏర్పాటు ఉండదు. మహారాష్ట్రలో లిఫ్టుల మీద 2017 నాటి చట్టం ఉంది. మనుషులను మోసే లిఫ్టుకు విద్యుత్ నిరీక్షకుల విభాగం అనుమతి కావాలి. సరుకు పడితే నూలు పోతుంది, మనిషి పడితే?

మోకాళ్ల ఆపరేషన్ సంగతి కూడా ఇంట్లో అనుకున్నారు. 2017 ఆగస్టులో కేంద్రం ధరలకు కళ్లెం వేసినప్పుడు మామూలు రకం కృత్రిమ మోకీలుకు రూ.54,720 గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు సగటున లక్షన్నర పైనే ఉండేది. 2024 అక్టోబరు 29 నుంచి 70 దాటిన వారందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యం ఉంది. ఆ ప్యాకేజీల్లో మోకీలు మార్పిడి ఉంది. ఏ ఆసుపత్రిలో చేస్తారో మాత్రం ముందే అడిగి పోవాలి. అవ్వకు గుండె బలహీనం. డాక్టరు తొందర వద్దన్నారు. అందరి సంగతీ అలా కాదు. మెట్ల కుర్చీకి లక్షలు వెతికే ముందు ఈ కార్డు తీసుకుని ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించుకోవడం తెలివైన పని.

సాంచె పోయింది.. గది వచ్చింది

సంక్రాంతి ముందు మళ్లీ వెళ్లాం. పైగది కిటికీ దగ్గర కుర్చీ లేదు. అవ్వ కింద ఉంది!

బందైన సాంచెల్లో ఒకటి తుక్కు కింద అమ్మేశారు. దాని జాగాలో గల్లీ వైపు చిన్న గోడ కట్టి, తలుపు పెట్టి, ఎనిమిదడుగుల గది చేశారు. వయోశ్రీ మూడు వేలతో కమోడ్ కుర్చీ కొన్నారు. జినాకు రెండు వైపులా కొత్త పైపు వేయించారు. అది కోడలి పట్టుదల. "రేపు నాకూ గదే జినా కదన్నా" అంది. మొత్తం ఖర్చు లిఫ్టు ధరలో పదోవంతుకు కొంచెం అటూ ఇటూ. తుక్కు డబ్బుతో సగం తీరింది, మిగతాది సంఘంలో చేబదులు.

బాగుందా అంటే పూర్తిగా బాగుందనలేం. పక్కనే రెండు సాంచెలు నడుస్తున్నాయి. నూలు దుమ్ము తలుపు సందులోంచి వస్తుంది, ఈ వయసులో ఊపిరితిత్తులకు మంచిది కాదు. సందులకు రబ్బరు పట్టీ కొట్టించమని చెప్పి వచ్చాం. మధ్యాహ్నం ఆ చప్పుడులో నిద్ర పట్టదని మేమనుకున్నాం. అవ్వ మాత్రం, "ఆగితెనే తెలివస్తది" అంది.

అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకు ఈ దారి కూడా లేదు. వాళ్లకు ఇంకో మాట. కుంభారి దగ్గరి రే నగర్‌లో అసంఘటిత కార్మికుల కోసం తలపెట్టిన 30,000 ఇళ్లలో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని చేతుల మీదుగా అప్పగించారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ మార్గదర్శకాల్లో, దివ్యాంగులు, వృద్ధులు ఉన్న కుటుంబాలకు కింది అంతస్తులో ప్రాధాన్యం ఇవ్వాలని రాసి ఉంది. 2016 చట్టం ఇళ్ల పథకాల్లో దివ్యాంగులకు ఐదు శాతం కేటాయించమంటోంది. ఏ ఘరకుల్‌లో ఇల్లు వస్తున్నా సరే, చీటీ తీయకముందే కార్డు నకలు జత చేసి కింది ఇల్లు అడగాలి. తాళం తీసుకున్నాక మూడో అంతస్తు నుంచి మార్చమంటే ఎవరూ వినరు.

మహానగరపాలికకు రాసిన అర్జీ మాత్రం అవ్వ వెనక్కి తీసుకోలేదు. కొత్త గదిలో గోడకు కొట్టిన మేకుకు, క్యాలెండర్ వెనక, ఆవక్ నంబరు వేసిన నకలు గుచ్చి ఉంది. మేం లేవబోతుంటే గల్లీలో ఆకు మూటతో పోతున్న ఒకామె తలుపు దగ్గర ఆగి, "ఏమే అక్కా, దిగొచ్చినవా!" అంది. చాట దించి, గడప మీదే కూలబడింది. మాకు టీ తేవడానికి పోయిన కోడలు ఇంకో కప్పు కోసం మళ్లీ పైకి ఎక్కింది, కొత్త పైపు పట్టుకుని.